గుండె ఆపే ముందు కిడ్నీలు కావాలన్నారు

మిరప ఏరే రోజుల్లో మా ఊళ్లో దగ్గని మనిషి ఉండడు. కళ్లంలో కాయ ఆరబోశాక ఆ ఘాటు ఇంట్లోకి వస్తుంది, వంటలోకి వస్తుంది, కప్పుకున్న దుప్పట్లోకి కూడా వస్తుంది. దగ్గులూ తుమ్ములూ వినబడుతున్నాయంటే పంట చేతికొచ్చిందని మాకు ఆనందం. అందుకే ఈ జనవరిలో నాకు దగ్గు పట్టుకుని వదలకపోతే ఎవరూ పట్టించుకోలేదు. నేను అసలే పట్టించుకోలేదు.

మాది తిరుమలాయపాలెం మండలం. ఇంటర్ చదివి పెళ్లి చేసుకుని వచ్చినప్పటి నుంచి మిరప తోటే నా ఉద్యోగం. మా ఆయన వీరన్న నీళ్లూ పురుగుమందులూ చూసుకుంటాడు. మనుషులను పిలిచేది, వాళ్లతో పని చేయించేది, అవసరమైతే పోట్లాడేది నేను. ఇప్పుడు గండం గడిచింది, కూర్చుని రాసే ఓపిక వచ్చింది. నా మనసు కుదుటపడుతుందని రాస్తున్నాను. నాలాంటి మొండివాళ్లు ఎవరైనా చదివితే మరీ మంచిది.

మిరప ఏరే పనంతా నడుము మీదే ఉంటుంది. పొద్దంతా వంగే ఉండాలి. అందుకని మా వైపు ఒక అలవాటు పాతుకుపోయింది. పొద్దున గట్టు మీద చాయ్ పోసుకునేటప్పుడే నొప్పి గోలీ కూడా వేసుకుంటాం. కిరాణా కొట్లో బిస్కెట్ల పక్కనే అమ్ముతారు. మా అత్తమ్మ కొంగున ముడేసి తెచ్చేది. "ఇంద, ఏస్కో బిడ్డా. పొద్దుగూకేదాక నడుం ఊసే ఉండదు" అనేది. ఆమె ప్రేమగా ఇచ్చేది, నేను ఇష్టంగా మింగేదాన్ని. కోతలు అయిపోయాక కూడా నాట్లకనీ కలుపుకనీ మింగుతూనే ఉన్నాను. ఎన్నేళ్ల నుంచో నాకే గుర్తులేదు.

జనవరి చివరికొచ్చేసరికి సాలు మొదట్లో బయలుదేరితే చివరిదాకా వెళ్లలేకపోతున్నాను. మధ్యలో కూర్చోవాలి. భద్రాచలం అవతల అడవి ఊళ్ల నుంచి ఏటా మాకు మిరప ఏరడానికి ఒక ముఠా వస్తుంది. తోటలోనే గుడిసెలు వేసుకుని ఉంటారు. వాళ్లకు పెద్ద జోగమ్మ. నాకంటే వయసులో పెద్దది, నన్ను ఆటపట్టించడంలో ఇంకా పెద్దది. నేను కూలబడ్డప్పుడల్లా వాళ్ల భాషలో ఏదో అనేది, ఆడవాళ్లంతా పకపకా నవ్వేవాళ్లు. ఒకరోజు మాత్రం నవ్వకుండా నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"నీ కాళ్లు చూస్కున్నవా? తట్టలెక్క ఉబ్బినయ్. గిది మిర్చి ఘాటు కాదు, దవాఖానకు పో" అంది.

"నేను పోతే నువ్ కాయ సగం చెట్టుకే ఇడిచిపెడ్తవ్" అన్నాను.

అన్నానే గానీ ఆ మాట పూర్తి చెయ్యడానికి రెండుసార్లు ఊపిరి తీసుకోవలసి వచ్చింది. వీరన్న విన్నాడు. మర్నాడే నన్ను బండెక్కించుకుని ఖమ్మం తీసుకుపోయాడు.

ఖమ్మంలో గుండె డాక్టరు స్కాన్ తెర వంక చూస్తూ, చిన్నప్పుడు కీళ్ల నొప్పులతో జ్వరం వచ్చిందా అని అడిగాడు. వచ్చింది. కుసుమంచిలో మా అమ్మగారింట్లో ఉండగా చాలా రోజులు బడి మానేసి మంచంలో ఉన్నాను. ఆ జ్వరం అప్పుడే పోయింది గానీ గుండెలో ఒక వాల్వును పాడుచేసి పోయిందట. తలుపు సగమే తెరుచుకుంటున్నట్టు వాల్వు బిగుసుకుపోయింది. రక్తం ముందుకు పోలేక ఊపిరితిత్తుల్లో నిలుస్తోంది. హైదరాబాదు వెళ్లి వాల్వు మార్పించుకోవాలి, ఎక్కువ రోజులు ఆగొద్దు అన్నాడు.

"మందులు ఏమన్నా వాడుతున్నరా?" అని కూడా అడిగాడు.

"ఏం లేవు సార్" అన్నాను. అబద్ధమాడుతున్నానని నాకు తెలియదు.

ఫిబ్రవరి మొదట్లో హైదరాబాదు పోయాం. పెద్ద దవాఖాన. అక్కడ కూర్చునే హాలు మా కళ్లమంత ఉంటుంది. మన పేరు ఎప్పుడు పిలుస్తారోనని అందరూ తలలెత్తి చూస్తూనే ఉంటారు, పక్కవాళ్ల పేరు పిలిస్తే కూడా సగం లేచి కూర్చుంటారు. రక్తం తీసుకున్నారు, ఫొటోలు తీశారు. ఆపరేషన్ చేసే పెద్దసారు మా కాగితాలు చూసి ముఖం ముడుచుకున్నాడు.

"కిడ్నీ పరీక్షల క్రియాటినిన్ ఇంత ఎందుకుంది? షుగర్ లేదు, బీపీ లేదు. మందులు ఏమన్నా మింగుతున్నరామ్మా?"

"లేదు సార్."

"నాటు మందులు? ఆకు పసర్లు?"

"ఏం లేవు సార్."

ఆయన కాగితాలు పక్కన పెట్టాడు. తర్వాత అలసటగా, మాట మార్చినట్టుగా అడిగాడు. "సరే, పొద్దున ఏం తిన్నరు?"

"రెండు ఇడ్లీ, చాయ్, గోలీ" అన్నాను.

"ఏం గోలీ?"

"నడుం నొప్పి గోలీ సార్. రోజు ఏస్కునేదే."

గదిలో అందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు. నాకేమీ అర్థం కాలేదు. రోగానికి వేసుకునేది మందు. గోలీ రోగానికి కాదు, పనికి. చాయ్ తాగుతానని చెప్పనిది గోలీ గురించి ఎందుకు చెబుతాను?

పెద్దసారు కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చున్నాడు.

"చూడమ్మా, వాల్వు మార్చాలంటే నీ గుండెను కొంతసేపు ఆపాలి. ఆ టైంల రక్తాన్ని ఒక మిషన్ తీసుకొని, ఆక్సిజన్ కలిపి, మళ్ల ఒంట్లకు పంపిస్తది. మిషన్ ఎంత మంచిదైనా గుండె తోసినట్టు తొయ్యదు. మెదడుకు, కిడ్నీలకు ఆక్సిజన్ తగ్గకుండ మేం చూసుకుంటం. బలంగున్న కిడ్నీ అయితే ఆ గంటలు ఓర్చుకుంటది. నీవి గోలీలతోటి ఇప్పటికే దెబ్బతిన్నయ్. రక్తం కూడ తక్కువుంది. గుండె బాగుచేసి కిడ్నీలు పోగొడితే నేను నీకు చేసిన మేలేంది?"

గోలీలు పూర్తిగా మానాలి. ఇచ్చిన మందులు తప్ప ఆకైనా వేరైనా నోట్లో పెట్టకూడదు. రక్తం పెరగడానికి ఇంజెక్షన్లు. బరువు ఎత్తకూడదు, ఎండలో వంగకూడదు. ఖమ్మంలో వారం వారం రక్త పరీక్ష. కిడ్నీలు తేరుకుంటే ఆపరేషన్. ఈలోపు ఊపిరి మరీ ఆడకపోతే ఉన్నపళంగా రావాలి, అప్పుడు కిడ్నీల సంగతి దేవుడికే వదలాలి.

అంటే గుండె ఆగలేనంటోంది, కిడ్నీలు ఆగమంటున్నాయి. ఈ రెండింటి మధ్య నేను.

తిరుగు బస్సులో వీరన్న ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మాటలన్నీ ఇంటికొచ్చాక వాళ్లమ్మ మీద పడ్డాయి.

"నువ్విచ్చిన గోలీలే అమ్మా దీని పానం మీదికి తెచ్చినయ్. ఇగ సంబరపడు."

అత్తమ్మ చేతిలో చేట కింద పెట్టి లోపలికి పోయింది. అన్నం తినలేదు. నాకు ఒళ్లు మండింది.

"ఆమె నా నోట్లె కుక్కిందా? నేనే అడుక్కొని మింగిన. నువ్ గూడ మింగుతవ్ గద, ముందు నీ రక్తం చూపిచ్చుకో" అన్నాను. అంతా అనేలోపే ఆయాసం వచ్చి గోడ పట్టుకున్నాను. పోట్లాడడానికి కూడా ఊపిరి చాలని బతుకు ఎంత అవమానమో అప్పుడు తెలిసింది.

గోలీ మానడం మాటల్లో తేలిక. ఇన్నేళ్లూ గోలీ మూసి పెట్టిన నొప్పులన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి. నడుము, మోకాళ్లు, మెడ. నాకు ఇన్ని కీళ్లున్నాయని అప్పుడే తెలిసింది. రెండో రోజు పొద్దున మంచం దిగలేక ఏడ్చాను. అత్తమ్మ వచ్చింది. కొంగు ముడి విప్పింది. గోలీ ఇస్తుందేమోనని భయమేసింది. నిజం చెప్పాలంటే ఆశ కూడా పుట్టింది. ముడిలో ఉన్న గోలీలన్నీ నా కళ్ల ముందే బయట మురికి కాలవలో పారేసింది.

"అవి నీవి గద అత్తా. నీ మోకాళ్లకు?" అన్నాను.

"నువ్ మానంగ లేంది నేను మానలేనా?" అంది. అది నా మీద జాలితో అన్నట్టు లేదు, పందెం కాసినట్టు ఉంది. మొహం ఇంకా గంటు పెట్టుకునే ఉంది.

అప్పటి నుంచి మా ఇంట్లో పొద్దున్నే ఇద్దరు ఆడవాళ్ల మూలుగులు. ఉప్పు వేయించి గుడ్డలో మూటకట్టి నా నడుముకు ఆమె కాపేది, ఆమె మోకాళ్లకు నేను కాపేదాన్ని. గట్టిగా ఒత్తితే "సంపుతవా ఏంది" అనేది. అంతకుమించి మా మధ్య మాటల్లేవు. కొడుకు అన్న మాట ఆమెలో అలాగే గుచ్చుకుని ఉంది. నేను తీద్దామంటే అందనిచ్చేది కాదు.

తోటలో రెండో కోత మొదలైంది. గట్టు మీద మంచం వేయించుకుని కూర్చున్నాను. చెట్టు నిండా ఎర్రగా కాయ కనబడుతుంటే కూర్చోవడం నా వల్ల అయ్యే పని కాదు. లేవబోతే జోగమ్మ గద్దించేది. "కూసో! నువ్ లేకుంటే మాకు పని రాదా?" ఒకరోజు ఆమె ఊరి నుంచి వచ్చినవాళ్ల చేత ఒక వేరు తెప్పించింది. ఆయాసానికి వాళ్ల తాతల నాటి మందట. నా కోసమని అంత దూరం నుంచి తెప్పించిన మనిషి చేతిలో వేరు పట్టుకుని నిలబడితే, వద్దని ఎలా చెప్పను? అయినా చెప్పాను.

"జోగమ్మా, నీ మందు మంచిదే కావచ్చు. కానీ నా కిడ్నీలు ఇప్పుడు దేన్నీ మొయ్యలేవు. నీ చేతిదైనా మింగను. కోపం చెయ్యకు."

ఆమె ముఖం చిన్నబోయింది. వేరును రైక సందున దోపుకుని, "సరే, నీకు వద్దంటే వద్దు. నా మొగడికి గూడ దమ్ము రోగముంది, వాడు తాగుతడు" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వుకు కూడా నాకు ఆయాసం వచ్చింది. ఈ ఏడు మా తోటలో ఒక్క కాయ చెట్టుకు మిగలలేదు, నేను వంగకపోయినా సరే.

వారం వారం ఖమ్మం. మొదటి పరీక్షలో క్రియాటినిన్ దిగలేదు. ఏడుపొచ్చింది. ఆ ల్యాబ్ ముందు బెంచీ మీద మెహరున్నీసా పరిచయమైంది. త్రీటౌన్ వైపు గాజుల కొట్టు వాళ్లది. నేను నిలబడి రొప్పుతుంటే తాను లేచి, "ఇట్ల కూసో అక్కా, గాలి ఈ దిక్కే వస్తది" అని ఫ్యాన్ కింది చోటు ఇచ్చింది. బత్తాయి వలిచి సగం పెట్టబోతే, డాక్టరును అడగనిదే పండు కూడా ముట్టనన్నాను.

"మంచిగ చేస్తున్నవ్. మా ఆయన గిట్లనే చేస్తే బాగుండు" అంది. ఆయనది కిడ్నీ జబ్బు. పైనే డయాలసిస్ జరుగుతోంది. "వారంల సగం రోజులు ఈడనే మా కాపురం. మనిషి మంచోడే అక్కా, గుక్కెడు నీళ్లు ఎక్కువ తాగితే మాత్రం నేను శత్రువునైపోత."

ఆమె ఏడుస్తూ చెప్పలేదు, ఊరికే మాట్లాడుకున్నట్టు చెప్పింది. కాసేపటికి ఆయన్ను చక్రాల కుర్చీలో తెచ్చారు. చేతి మీద దట్టంగా పట్టీలు. నన్ను చూసి సలాం చేశాడు. ఆ రోజు ఇంటికి పోతూ ఒకటి గట్టిగా అనుకున్నాను. గుండె పోతే పోనీ అని ఇన్నాళ్లూ నోటికొచ్చినట్టు అనేదాన్ని. ఇకనుంచి అలా అనకూడదు. ఏ ఒక్కటీ పోనివ్వకూడదు.

మార్చిలో ఊపిరి ఇంకా బరువెక్కింది. మూడు దిండ్లు పెట్టుకుని కూర్చునే కునుకు తీసేదాన్ని. వీరన్న తట్టుకోలేకపోయాడు. "ఇగ చాలు పద్మా. కిడ్నీలు లేవు, గిడ్నీలు లేవు, పోయి కోయించుకుందాం. కండ్ల ముందల నువ్ గిట్ల ఎగబీలుస్తుంటే నేను సూడలేను" అన్నాడు. ఆయన భయం నాకూ ఉంది. కానీ రక్తంలో అంకె దిగడం మొదలైంది. ఖమ్మం డాక్టరు ఫోన్లో హైదరాబాదు సారుతో మాట్లాడి, ఆగగలిగితే ఇంకొక్క వారం అన్నాడు. ఆగుతానన్నాను. ఆ వారం ఎలా ఆగానో నాకూ ఆ దిండ్లకూ తెలుసు.

చివరి పరీక్షలో డాక్టరు కాగితం చూసి, "పో అమ్మా, ఇగ కోయించుకో" అన్నాడు. అంత మోటు మాటకు అంత సంతోషపడ్డ మనిషి ఇంకొకరు ఉండరు.

బయలుదేరే పొద్దున అత్తమ్మ గడపలో బియ్యం ఏరుతూ కూర్చుంది. కాళ్లకు దండం పెడితే తలెత్తలేదు. "పోయిరా" అంది, అంతే. వీరన్న ఏదో అనబోయాడు గానీ నేను కళ్లతోనే ఆపాను.

ఆపరేషన్ ముందు రోజు ఒక చిన్న వయసు ఆవిడ నా మంచం దగ్గరికి వచ్చింది. గుండె ఆగినప్పుడు ఆ మిషన్ నడిపేది తనేనట. నా ఎత్తూ బరువూ మళ్లీ చూసుకుంది. భయాలుంటే అడగమంది. నాకు ఎవరైనా అడగమంటే చాలు.

"నా గుండె ఆగినప్పుడు నేను యాడుంట?"

"టేబుల్ మీదనే ఉంటరమ్మా, ఎక్కడికి పోతరు? నేను పక్కనే కూర్చుంట."

రక్తం పెరగాలని ఎందుకు పట్టుబట్టారో ఆవిడే చెప్పింది. మిషన్ గొట్టాల్లో ముందే నింపి ఉంచే ద్రవం కలిసి రక్తం పలచబడుతుంది. ఆక్సిజన్ను మోసేది రక్తమే కాబట్టి మరీ పలచనైతే ఒంటికి చాలదు. ఒంటిని కొంచెం చల్లబరుస్తారట, చల్లగా ఉంటే అవయవాలు తక్కువ ఆక్సిజన్‌తో సర్దుకుంటాయట. మెదడుకు అందుతోందో లేదో చూడడానికి నుదుటి మీద పట్టీలు అంటిస్తారట.

"మరి కిడ్నీలకు అందుతుందని నీకెట్ల ఎరుకైతది?"

"రక్తాన్ని పరీక్ష చేస్తనే ఉంట. మూత్రం సంచీ కూడ చూస్త. మీ మొహం కంటే దాన్నే ఎక్కువ చూస్తనమ్మా" అని నవ్వింది.

పట్టీల కోసం నుదుట బొట్టు తియ్యాలంది. వీరన్న కిటికీ వైపు తిరిగాడు. మా ఇళ్లలో భర్త ఉండగా బొట్టు తియ్యడమంటే మాటలు కాదు. నేనే తడిగుడ్డతో తుడుచుకున్నాను. "ఇటు తిరుగయ్యా, నువ్ బతికే ఉన్నవ్, నేను గూడ బతికే వస్త" అన్నాను. ధైర్యంగానే అన్నాను.

ఆపరేషన్ గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ముక్కు మీద మాస్కు పెట్టారు, కళ్లు తెరిచేసరికి గొంతులో గొట్టం ఉంది. నా గుండె ఆగిన ఆ గంటలు నా బతుకులో నాకు తెలియనివి. అవి వీరన్నకు తెలుసు. హాల్లో అటూ ఇటూ తిరుగుతుంటే, ముక్కూ మొహం తెలియని ఎవరో పెద్దాయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి చాయ్ తాగించాడట.

గొట్టం తీశాక మొదటి రోజు చాలా కష్టం. గుండె బాగా కొట్టుకుంటోందన్నారు. కానీ మూత్రం చాలా తక్కువ వస్తోంది. డాక్టర్లు వచ్చి నా ముఖం చూడకుండా మంచం పక్కకు వంగి సంచీ చూసేవాళ్లు, ఇంగ్లిషులో మాట్లాడుకునేవాళ్లు. అందులో డయాలసిస్ అన్న ఒక్క మాట నాకు తెలుసు. మెహరున్నీసా భర్త చెయ్యి కళ్ల ముందుకు వచ్చింది. నాలుక పిడచకట్టింది. నీళ్లు లెక్కపెట్టి చెంచాతో ఇస్తున్నారు. అక్కడి నర్సుది ఇల్లందు. మాట వినగానే మా మనిషని తెలిసింది.

"ఇంకో చెంచా ఇయ్యనా అక్కా? ఏం గాదు, సార్‌కు నేను చెప్త" అంది, నా అవస్థ చూడలేక.

వద్దని తల ఊపాను. ఇంత చేసి ఒక చెంచా దగ్గర ఓడిపోదలుచుకోలేదు. ఆమె తడిగుడ్డతో నా పెదాలు తుడిచింది. డ్యూటీలో ఉన్నంతసేపూ వచ్చి తుడుస్తూనే ఉంది. ఆ చల్లదనం నాకు ఇప్పటికీ గుర్తే.

మర్నాడు పొద్దెక్కాక అదే నర్సు మంచం పక్కన వంగి, "అక్కా!" అని కేక వేసింది. సంచీ నిండుతోంది. డాక్టరు వచ్చి చూసి మొదటిసారి నా ముఖం వంక చూశాడు, నవ్వాడు. వీరన్నను లోపలికి పిలిచారు. వచ్చినవాడు నన్ను చూడనేలేదు. తిన్నగా సంచీ దగ్గరికి పోయి, దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వితే కోసిన చోట ప్రాణం పోయినట్టయింది. అయినా నవ్వాను.

చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. నోట్లోంచి లోపలికి పోయే ప్రతిదీ డాక్టరుకు చెప్పండి. అది మందో కాదో మీరు తేల్చకండి.

వీరన్న కళ్లు తుడుచుకుని ఫోన్ తీశాడు. లోపల ఫోన్ కూడదు. ఇల్లందు పిల్ల అటు తిరిగి నిలబడి, "ఒక్క నిమిషమే అన్నా" అంది. ఆయన ఇంటికి చేసి, "అమ్మా, కిడ్నీలు మంచిగున్నయ్. నా మాట మనసుల పెట్టుకోకే" అన్నాడు. తర్వాత ఫోన్ నా చెవి దగ్గర పెట్టాడు.

"అత్తా" అనబోయాను. గొట్టం ఒరుసుకున్న గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు.

"మాట్లాడకు" అంది అత్తమ్మ. "ఊరికె ఊపిరి తియ్యి బిడ్డా. నేను వింట."

తీశాను. ఎక్కడా ఆగకుండా, పిల్లికూతలు లేకుండా, పొట్ట అడుగుదాకా పోయింది. వదిలాను. అటు వైపు ఆమె ముక్కు ఎగబీల్చుకోవడం వినబడింది.

"ఇంకోసారి" అంది.